ఉత్త చెక్క నెక్కుకు నూనా? లక్కా?

పాఠకుల సందేహాలు – వాద్యాలు బాగుచేసేవాళ్ల జవాబులు

ఈ విడత ఉత్తరాలన్నీ బేస్ గిటార్ నెక్కు (ఎడమచేత్తో పట్టుకునే పొడవాటి మెడ) చుట్టూనే తిరిగాయి. జవాబుల్లోకి వెళ్లేముందు ఒక మాట సరిచేసుకుందాం. చాలామంది ‘పచ్చి చెక్క నెక్కు’ అని రాశారు. వడ్రంగి దగ్గర ఆ మాట అంటే ఆరని కలప అనుకుంటాడు. మీ చేతిలో ఉన్నది బాగా ఆరిన చెక్కే. పైన పూత లేదు, అంతే. అందుకని ఇక్కడ దాన్ని ఉత్త చెక్క అంటున్నాం.

ప్రశ్న: పూత లేని మేపుల్ నెక్కు తెప్పించాను. ఫ్రెట్లు (అడ్డంగా పొదిగిన లోహపు పట్టీలు) ఉన్న బోర్డు రోజ్‌వుడ్. మా ఇంటి తలుపులు చేసిన మేస్త్రీ మెలమైన్ కొట్టిస్తానంటున్నాడు. మా బ్యాండులో ఒక అన్న కొబ్బరినూనె రాస్తే చాలంటున్నాడు. ఎవరి మాట వినాలి? – తిరుపతి పాఠకుడు

ఇద్దరి మాటా వద్దు. కొబ్బరినూనె ఎన్నాళ్లున్నా ఆరదు, నూనెగానే ఉంటుంది. చెక్కలోకి ఇంకి, దుమ్ము పట్టి, కొన్నాళ్లకు కంపు కొడుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు, తర్వాత మీరు ఏ పూత వేసినా దాని మీద నిలవదు. నువ్వుల నూనె, వేరుశనగ నూనెలకూ ఇదే మాట. ఆరి గట్టిపడే గుణం ఉన్నవి కొన్నే. అవిసె గింజల నూనె, టంగ్ నూనె వాటిలో ముఖ్యమైనవి. ఇవి గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని గట్టిపడతాయి.

ఇక మెలమైన్. తలుపుకు బాగుంటుంది. దాని మీద ఎవరూ బొటనవేలు పైకీ కిందికీ జార్చరు కదా! నెక్కు వెనక అద్దంలా మెరిసే పూత ఉంటే, చెమట పట్టగానే చెయ్యి అతుక్కుంటుంది. మే నెలలో తిరుపతిలో పెళ్లి మండపం స్టేజీ మీద అది ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

అసలు పూత ఎందుకంటే, మెరుపు కోసం కాదు. చెక్క తేమను తాగుతుంది, వదులుతుంది. తాగినప్పుడు ఉబ్బుతుంది, వదిలినప్పుడు కుంచించుకుపోతుంది. ఆ రాకపోకలు ఎంత నెమ్మదిగా జరిగితే నెక్కు అంత నిలకడగా ఉంటుంది. 34 అంగుళాల స్కేలు (మోగే తీగ పొడవు) మీద నాలుగు తీగల లాగుడు కలిపి సుమారు 80 కిలోలు. అంటే 25 కిలోల బియ్యం మూటలు మూడింటికి మించిన బరువు రాత్రీ పగలూ ఆ సన్నటి చెక్కను లాగుతూనే ఉంటుంది. పైగా మన దగ్గర మే నెల మధ్యాహ్నాలకూ ఈశాన్య రుతుపవనాలు ముసురుపెట్టే నవంబరుకూ గాలిలో తేమ తేడా చాలా ఎక్కువ.

ఇంట్లో సులువుగా కుదిరేది, పెయింట్ షాపు సరుకుతో అయ్యేది మూడు భాగాల మిశ్రమం. డబుల్ బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ 10 మి.లీ., టర్పెంటైన్ 10 మి.లీ., సింథటిక్ క్లియర్ వార్నిష్ 10 మి.లీ. కొలవడానికి మందుల షాపులో దొరికే సూది లేని సిరంజీ చాలు. ఈ 30 మి.లీ.తో నెక్కు మొత్తం పనీ అయిపోతుంది. వార్నిష్ కొనేటప్పుడు డబ్బా మీద చదవండి. టర్పెంటైన్‌తో పల్చన చేయమని ఉంటే అదే మీకు కావలసింది. నీళ్లు కలపమని ఉన్నా, గట్టిపరిచే రెండో డబ్బాతో పాటు వచ్చినా వదిలేయండి. స్పిరిట్ వార్నిష్ కూడా నూనెతో కలవదు. ఇంత గొడవ ఎందుకనుకుంటే, తుపాకీ కట్టెలకు పూసే ట్రూ-ఆయిల్ లాంటిది తెప్పించుకోండి. మ్యూజిక్ మ్యాన్ కంపెనీ తన మేపుల్ నెక్కులకు ఇలాంటి గన్‌స్టాక్ ఆయిలే పట్టించి, పైన మైనం రుద్దుతుంది.

పని వరుస ఇదీ. తీగలు కొంచెం కొంచెంగా వదులు చేసి తీసేయండి. నెక్కు లోపల దాని వంపును సరిచేసే లోహపు కడ్డీ, ట్రస్ రాడ్‌ను కూడా వదులు చేయాలి. తీగల లాగుడు లేకుండా రాడ్ బిగువుగా వారం రోజులుంటే నెక్కు వెనక్కి వంగిపోతుంది. నాలుగు స్క్రూలు విప్పి నెక్కును బాడీ నుంచి వేరు చేయండి. ట్యూనింగ్ కీలు తీసేయండి. రోజ్‌వుడ్ బోర్డు అంచు వెంబడి మాస్కింగ్ టేపు అంటించి, గోటితో నొక్కి కూర్చోబెట్టండి. ప్యాకింగ్‌కు వాడే బ్రౌన్ టేపు వద్దు, దాని జిగురు బోర్డు మీద ఉండిపోతుంది. తీగలు కూర్చునే నట్టుకు కూడా టేపు వేయాలి.

220 నంబరు ఎమ్రీ పేపరుతో మొదలుపెట్టి, తర్వాత 320. చెక్క గీతల వెంబడే లాగాలి, అడ్డంగా పోకూడదు. ఇక్కడ ఒక చిన్న పని ఉంది, చాలామంది ఎగరగొట్టేది. గట్టిగా పిండిన తడిగుడ్డతో నెక్కు వెనక ఒక్కసారి తుడవండి. అరగంటలో ఆరాక అరచెయ్యి జార్చి చూడండి. సన్నటి నూగు లేచి, రెండు రోజుల గడ్డంలా గరగరలాడుతుంది. దాన్ని 320తో నాలుగైదు లాగుళ్లలో తీసేసి, 400తో ముగించండి. ఇప్పుడు లేవనిస్తేనే మంచిది, లేకపోతే మొదటి కచేరీ చెమటకు అదే నూగు పూత కింద నుంచి లేస్తుంది. బాడీ గాడిలో కూర్చునే మడమ భాగాన్ని మాత్రం పేపరుతో ముట్టుకోవద్దు. అక్కడ కాస్త అరిగినా నెక్కు కోణం మారిపోతుంది, గాడిలో వదులవుతుంది.

పూత వేసేది బ్రష్షుతో కాదు, ఉతికి ఉతికి మెత్తబడిన పంచె గుడ్డతో. ఒక కోటుకు చెంచాడు, అంటే 5 మి.లీ. దాటదు. పట్టించి, పావుగంట ఆగి, పొడిగుడ్డతో తుడిచేయాలి. తుడవడమంటే మిగిలింది సర్దడం కాదు, ఏమీ మిగల్చకపోవడం. ట్యూనింగ్ కీ రంధ్రంలో తీగ దూర్చి నీడలో నిటారుగా వేలాడదీయండి. బల్ల మీద పడుకోబెడితే ఒక పక్కకే గాలి తగులుతుంది. 24 గంటలకో కోటు చొప్పున నాలుగు కోట్లు. ప్రతి కోటు మధ్య 600 పేపరుతో తేలికగా ఒక్కసారి. హెడ్‌స్టాక్ (ట్యూనింగ్ కీలుండే తల భాగం) కొన, మడమ కొస, కీ రంధ్రాల లోపలి అంచులు, ఇలా చెక్క గీతలు తెగి బయటికి కనిపించే చోట్ల రెండు కోట్లు ఎక్కువ పడాలి. చెక్క తేమ తాగేది ప్రధానంగా ఆ నోళ్ల నుంచే. అయితే మడమ పక్కలకు పొర మందంగా పెరగనివ్వకండి, గాడిలో దిగక ఇబ్బంది పెడుతుంది.

లక్క సంగతి కూడా అడిగేవాళ్లున్నారు. తేమను ఆపడంలో నూనె కన్నా లక్కే మేలు, నిజమే. 100 మి.లీ. పాలిష్ స్పిరిట్‌లో మైనం తీసిన లక్క 12 గ్రాములు రాత్రంతా నానబెట్టి, వడకట్టి, పల్చగా మూడు కోట్లు వేస్తే పూట తిరక్కుండానే పని అయిపోతుంది. కానీ చేతులకు శానిటైజర్ రాసుకుని వెంటనే వాయించారో, అందులోని ఆల్కహాల్‌కు లక్క కరిగి వేలిముద్రలు పడతాయి. కలిపిపెట్టిన లక్క ఆరు నెలలు దాటితే సరిగా ఆరదు కూడా. మా ఓటు నూనె మిశ్రమానికే.

ప్రశ్న: సార్, నేను చర్చిలో బేస్ వాయిస్తా. లిన్‌సీడ్ ఆయిల్ తెచ్చి నెక్కుకు రెండు కోట్లు పట్టించినా. నెల కావస్తోంది, ఇంకా జిగటగానే ఉంది. నూనె కల్తీదా? – చిత్తూరు పాఠకుడు

కల్తీ అనుకునేముందు రెండు సంగతులు చూసుకోండి. ఒకటి, డబ్బా మీద ‘బాయిల్డ్’ అని ఉందా? పేరు అలా ఉంది కానీ ఇప్పుడు వచ్చేదాన్ని ఊరికే కాచరు, త్వరగా ఆరడానికి కోబాల్ట్, మాంగనీస్ లాంటి లోహ లవణాలు కలుపుతారు. అవి లేని పచ్చి అవిసె నూనె వారాల తరబడి ఆరదు. వంటకని అమ్మే అవిసె నూనె కూడా ఈ కోవలోదే. రెండోది, అసలు కారణం ఎక్కువసార్లు ఇదే: మందంగా పట్టించి, తుడవకుండా వదిలేయడం. పై పొర ముందు ఆరి మూతలా కూర్చుంటుంది. కింద నూనెకు గాలి అందక అలాగే ఉండిపోతుంది. ముసురు రోజులైతే మరీ ఆలస్యం.

ఇప్పుడు దాని మీద ఇంకో కోటు వేయకండి. టర్పెంటైన్‌లో ముంచిన గుడ్డతో రుద్ది, వెంటనే పొడిగుడ్డతో తీసేయండి. రెండు మూడు గుడ్డలు మారాలి. మొండిగా ఉన్నచోట ట్రిపుల్ జీరో కన్నా సన్నటి స్టీల్ ఊల్, అంటే నాలుగు సున్నాలది, టర్పెంటైన్‌లో తడిపి గీతల వెంబడి తోమండి. ఈ పని గిటార్ దగ్గర చేయొద్దు. ఊడిన ఇనుప నూగు తీగ మోతను పట్టే పికప్పుల అయస్కాంతాలకు వెళ్లి అంటుకుంటుంది, తీసినా రాదు. నెక్కు విప్పి వేరే గదిలో చేయండి. అంట్లు తోమే స్టీలు పీచు దీనికి పనికిరాదు, గీతలు పెడుతుంది. రెండు రోజులు ఎండ తగలని, గాలాడే చోట వేలాడదీసి, బొటనవేలు పది సెకన్లు నొక్కి చూడండి. ముద్ర పడకపోతే, ముక్కు దగ్గర పెడితే నూనె వాసన రాకపోతే ఆరినట్టే.

ఆ గుడ్డల సంగతి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డను ఉండచుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోయే దారి లేక, అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటుంది. మన ఎండల్లో రేకుల షెడ్డులోనైతే మరీ ప్రమాదం. విప్పి దండెం మీద ఒంటి పొరగా ఆరేయండి, గట్టిపడ్డాక పారేయండి. లేదా నీళ్లున్న డబ్బాలో ముంచి మూతపెట్టండి.

ప్రశ్న: ఉత్త చెక్క చేతికి తగిలితేనే హాయిగా ఉంది. పూత లేకుండా వదిలేస్తే కొంప మునుగుతుందా? – శ్రీకాళహస్తి పాఠకురాలు

చెక్కను బట్టి ఉంటుంది. వెంగే అనే ముదురు రంగు గట్టి చెక్క లాంటిదానికైతే పొర పూత అక్కర్లేదు. అప్పుడప్పుడూ తేనెమైనం రుద్దితే సరి, వార్విక్ కంపెనీ తన నెక్కులకు చెప్పేదీ అదే. ఆక్సిజన్ లేకుండా కాల్చిన మేపుల్ కూడా తేమ తక్కువ పీలుస్తుంది, దానికీ మైనం చాలు. మామూలు తెల్ల మేపుల్‌ను మాత్రం అలా వదలకండి. ఆరు నెలల్లో వెనక భాగం ఉతకని కాలర్‌లా బూడిదరంగుకు తిరుగుతుంది. రంగు పోతే పోయిందనుకున్నా, మెలి తిరిగితే మాత్రం ట్రస్ రాడ్ ఏమీ చేయలేదు. అది ముందుకూ వెనక్కూ వంగినదాన్ని సరిచేస్తుంది కానీ మెలిని కాదు. మీకు కావలసింది ఆ స్పర్శే కాబట్టి, పైన చెప్పిన మిశ్రమం రెండు కోట్లు వేసి, వారం ఆగి, 1000 నంబరు పేపరుతో మెరుపు చంపేయండి. కళ్లు మూసుకుని పట్టుకుంటే తేడా తెలియదు.

ఇప్పటికే మురికి పట్టిందంటారా, సబ్బు నీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే ఆరబెట్టి, 400 పేపరుతో లాగండి. కొద్దిగా నీడ మిగిలితే మిగలనివ్వండి. మరక పోయేదాకా అరగదీస్తే నెక్కు ఆకారమే మారుతుంది.

ప్రశ్న: నవంబరు వానలకు తీగలు ఒక్కసారిగా ఎత్తయ్యాయి. ట్రస్ రాడ్ తిప్పమంటున్నారు, భయంగా ఉంది. – పలమనేరు పాఠకుడు

తిప్పేముందు కొలవండి. మొదటి ఫ్రెట్ దగ్గర కాపో (తీగలను నొక్కి పట్టే క్లిప్పు) బిగించి, నెక్కు బాడీని కలిసే చోటి ఫ్రెట్ మీద లావు తీగను వేలితో నొక్కండి. ఇప్పుడు ఆ తీగ తిన్నని స్కేలులా ఉంటుంది. 7వ ఫ్రెట్ తలకూ తీగకూ మధ్య సందు చూడండి. 0.25 నుంచి 0.35 మి.మీ. ఉంటే ఆరోగ్యమే. కొలిచే ఫీలర్ గేజ్ సంగీత దుకాణంలోనే వెతకనక్కర్లేదు. బైకు ఇంజిన్ వాల్వులు సరిచేసే మెకానిక్ దగ్గర ఉన్నది అదే. 0.30 రేకు తీగను కదిలించకుండా దూరితే చాలు.

సందు ఎక్కువ ఉంటే ముందు తీగలు కొంచెం వదులు చేసి, రాడ్ నట్టును గడియారం ముల్లు తిరిగే వైపు పావు చుట్టు తిప్పండి. మళ్లీ శ్రుతి చేసి కొలవండి. ఒక రోజుకు అంతే. చెక్క సర్దుకోవడానికి టైం పడుతుంది, తొందరపడి అప్పుడే ఇంకో పావు తిప్పినవాళ్లు మర్నాడు వెనక్కి తిప్పాల్సి వస్తుంది. సందు బొత్తిగా లేకపోతే, మొదటి నాలుగైదు ఫ్రెట్ల మీద తీగ జరజరలాడుతుంటే, దానికి ఎదురువైపు పావు చుట్టు తిప్పి వదులు చేయాలి. రాడ్ తిప్పే కీ ఏ సైజుదో సరిగ్గా చూసుకోండి. అంగుళాల కొలత నట్టులో మి.మీ. కీ వదులుగా దూరి, లోపలి అంచులు గుండ్రంగా అరగదీస్తుంది. ఆ తర్వాత కీ తిరుగుతుంది, నట్టు తిరగదు. మామూలు బలానికి కదలకపోతే ఆపేసి బాగుచేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. రాడ్ తెగితే బోర్డు ఊడదీయాలి.

మీ ఊరు ఎత్తు మీద ఉంది. తిరుపతి కచేరీకి దిగి వచ్చిన రోజు మళ్లీ తేడా కనిపిస్తే కంగారుపడి కీ తీయకండి. సంచిలోంచి తీసి గంటసేపు గదిలో ఉంచాక కొలవండి.

ప్రశ్న: ఎండాకాలంలో ఫ్రెట్ల కొనలు చేతికి గుచ్చుకుంటున్నాయి. ఫ్రెట్లు పెరుగుతాయా? – తిరుపతి పాఠకుడు

లోహం పెరగలేదు, చెక్క తగ్గింది. చెక్క పొడవునా దాదాపు కుంచించుకుపోదు, వెడల్పునే తగ్గుతుంది. దాంతో ఫ్రెట్ కొన బయటికి పొడుచుకొస్తుంది. వెంటనే ఆకురాయి పట్టకండి. తేమ మీటరు పక్కన పెట్టి, గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండే గదిలో పది రోజులు ఉంచితే చాలాసార్లు కొనలు లోపలికి పోతాయి. అప్పటికీ గుచ్చుకుంటే సన్నటి ఆకురాయితో ఏటవాలుగా, టేపు అంటించిన బోర్డుకు తగలకుండా తీయాలి. గిటార్‌ను కారు డిక్కీలో వదిలే అలవాటుంటే ముందు అది మానండి.

ప్రశ్న: రోజ్‌వుడ్ బోర్డుకు లెమన్ ఆయిల్ రాయమన్నారు. నిమ్మకాయ పిండి రాయొచ్చా? – పుత్తూరు పాఠకుడు

వద్దండీ! నిమ్మరసం పులుపు ఫ్రెట్లనూ చెక్కనూ రెంటినీ పాడుచేస్తుంది. సీసాలో వచ్చే లెమన్ ఆయిల్ చాలావరకు నిమ్మ వాసన కలిపిన మినరల్ ఆయిల్. ఏడాదికి రెండుసార్లు, బోర్డు మొత్తానికి ఆరేడు చుక్కలు, ఐదు నిమిషాల్లో తుడిచేయాలి. ఎక్కువ తాగిస్తే ఫ్రెట్లు కూర్చున్న గాళ్లు మెత్తబడతాయి. మేపుల్ బోర్డుకు ఇది అసలు వద్దు.

ప్రశ్న: మా మామయ్య పొలంలో ఎర్రచందనం చెట్టుంది. దాంతో నెక్కు చేయిస్తే ఎలా ఉంటుంది? – చంద్రగిరి పాఠకుడు

మంచి ప్రశ్నే. జపాన్‌లో షామిసెన్ అనే మూడు తీగల వాద్యం మెడకు మేలిరకంగా ఎంచేది మన శేషాచలం వైపు ఎర్రచందనాన్నే. కోకి అంటారు వాళ్లు. గట్టిది, నిలకడైనది, నీళ్లలో వేస్తే మునిగేంత బరువు. ఆ బరువే బేస్‌కు చిక్కు. నెక్కు మొత్తం దాంతో చేస్తే, పట్టీ వేసుకుని చెయ్యి వదలగానే హెడ్‌స్టాక్ నేల చూస్తుంది. బోర్డు వరకైతే సరిపోతుంది.

అయితే సొంత పొలంలోని చెట్టయినా అటవీశాఖ అనుమతి లేకుండా కొట్టకూడదు, కలప కదిలించకూడదు. అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలుండే జాబితాలో కూడా ఇది ఉంది. కాగితాలు లేని ముక్క ఎవరైనా చవగ్గా ఇస్తామంటే దగ్గరికి పోవద్దు. కాగితాలున్న ముక్కే దొరికితే ఒక జాగ్రత్త: దాని ఎర్రరంగు స్పిరిట్‌లో కరుగుతుంది. లక్క పూసినా, స్పిరిట్‌తో తుడిచినా ఆ ఎరుపు పక్కనున్న తెల్ల మేపుల్‌లోకి పాకి, మళ్లీ రాదు. రెంటినీ అతికేముందే మేపుల్‌కు పూత వేయించండి.

ప్రశ్న: పూత వేశాక నెక్కు బిగిస్తుంటే ఒక స్క్రూ ఊరికే తిరుగుతోంది. – చిత్తూరు పాఠకుడు

మర అరిగింది. పళ్లలో గుచ్చుకునే పుల్లలు మూడు నాలుగు ఫెవికాల్‌లో ముంచి ఆ రంధ్రంలో బిగించి, పైకి వచ్చినవి బ్లేడుతో కోసేయండి. 24 గంటలు ఆగి 3.2 మి.మీ. బిట్టుతో చేత్తోనే కొత్త రంధ్రం తీయండి. స్క్రూ మరకు కొవ్వొత్తి రుద్దండి, సబ్బు వద్దు, అది తేమను పట్టి ఉంచుతుంది. మిగతా మూడింటినీ బిగించేటప్పుడు స్క్రూడ్రైవరు మొదట వెనక్కి తిప్పండి. పాత మరలోకి దిగినప్పుడు ‘టిక్’మని చేతికి తెలుస్తుంది. అక్కడి నుంచి ముందుకు, నాలుగూ కొంచెం కొంచెంగా, ఎదురెదురు మూలల వరుసలో బిగించండి. డ్రిల్లు మిషనుతో మాత్రం బిగించొద్దు.